చెయ్యి చూపే గైడా, చెవిలో చెప్పే గైడా? ప్రాచీన ప్రార్థనా స్థలాల్లో ఎలా ఎంచుకోవాలి

కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ గుడి తూర్పు వసారాలో క్షీరసాగర మథనం చెక్కిన గోడ ముందు మొదటిసారి నిలబడినప్పుడు, నా చెవిలో ఫోనులోని ఆడియో గైడు మాట్లాడుతోంది. దాదాపు 49 మీటర్ల పొడవున్న గోడ అది. ఎడమవైపు 92 మంది అసురులు, కుడివైపు 88 మంది దేవతలు, నడుమ విష్ణువు. చెవిలోని గొంతు విష్ణువు దగ్గరికి చేరిపోయింది. నేనింకా వాసుకి పడగల దగ్గరే ఉన్నాను. ఆపి వెనక్కి తిప్పాను. మళ్ళీ నన్ను దాటి వెళ్ళిపోయింది. మూడోసారి ఇయర్‌ఫోన్ తీసి సంచిలో వేసుకుని, అసురుల ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాను. నాతో వచ్చిన మా తోడికోడలు అప్పటికే గైడు వెంట తరువాతి గోడకు వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇద్దరం కూర్చున్నప్పుడు, "అక్కా, వాసుకి తోక పట్టుకున్న వానరుడిని చూశావా?" అని అడిగింది. నేను చూడలేదు. అంత దూరం వెళ్ళేసరికి కళ్ళు అలిసిపోయాయి. "అసురుల కళ్ళు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి, దేవతల కళ్ళు బాదం గింజల్లా సన్నగా ఉన్నాయి, గమనించావా?" అని నేను అడిగాను. తను గమనించలేదు. గైడు అక్కడ అంతసేపు ఆగలేదట. ఒకే గోడ చూసి ఇద్దరం చెరో సగం తెచ్చుకున్నాం.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. నా ఎడమ చెవి సరిగా వినపడదు. ఈ రెండూ ముందే చెబుతున్నాను, ఎందుకంటే నా సలహాల్లో సగం వాటి నుంచే వచ్చాయి. ఎవరైనా విషయం తెలిసి చెబుతున్నారో, కంఠస్థం చేసి ఒప్పజెబుతున్నారో పాఠం చెప్పినవాళ్ళకు మూడు వాక్యాల్లో తెలుస్తుంది. వినికిడి తక్కువైన వాళ్ళకేమో పాతిక మంది గుంపులో చివర నిలబడితే ఏమవుతుందో తెలుసు. ఏ గుడికి, చర్చికి, మసీదుకు, స్తూపానికి వెళ్ళినా గైడును పెట్టుకోవాలా, ఆడియో తీసుకోవాలా అన్న ప్రశ్నను ఈ మధ్య నేను ఎలా తేల్చుకుంటున్నానో చెబుతాను.

ముందుగా, ఎంచుకునే అవకాశం మీకు ఉందో లేదో చూసుకోండి

చాలామంది ఈ పని ప్రవేశ ద్వారం దగ్గరికి వెళ్ళాక చేస్తారు. అప్పటికి ఆలస్యమవుతుంది. కొన్నిచోట్ల నిర్ణయం మన చేతిలో ఉండదు. ఇండొనేషియాలోని బోరోబుదూర్ స్తూపం మీదికి ఇప్పుడు గైడు లేకుండా ఎక్కనివ్వరు. రోజుకు ఇంతమంది అని పరిమితి ఉంటుంది. రాయి అరగకుండా వాళ్ళిచ్చే ప్రత్యేకమైన చెప్పులే వేసుకోవాలి. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా కింద ఉన్న ప్రాచీన సమాధుల తవ్వకాలు చూడాలంటే ముందే రాసి అనుమతి తీసుకుని, చిన్న బృందంలో గైడుతోనే దిగాలి.

సిస్టీన్ చాపెల్ సంగతి ఇందుకు తలకిందులు. లోపల గైడు నోరు తెరవకూడదు. నిశ్శబ్దం పాటించాలి, ఫొటోలు తీయకూడదు. అందుకే గైడులు ముందే వాటికన్ మ్యూజియం ప్రాంగణంలో ఉన్న పెద్ద చిత్రపటాల దగ్గర మైకెలాంజెలో పైకప్పునంతా వివరించి, తరువాత లోపలికి పంపిస్తారు. ఇది తెలియకుండా గైడును పెట్టుకున్నవాళ్ళు, లోపల ఆయన మౌనంగా నిలబడితే నిరాశపడతారు. తెలిసి వెళ్ళినవాళ్ళు ప్రాంగణంలో అడగాల్సినవన్నీ అడిగేసుకుంటారు.

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మామూలు టికెట్‌తో పాటే చేతికి ఆడియో పరికరం ఇస్తారు. చాలామందికి అది సరిపోతుంది. పాతకాలపు ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ సమాధి ఉన్న మందిరంలోకి వెళ్ళాలని ఉంటే మాత్రం, వర్జర్లు అని పిలిచే ఆ చర్చి పరిచారకులే స్వయంగా నడిపే బృందంలో చేరాలి. అక్కడ గైడు అంటే మాటలే కాదు, ఒక తాళంచెవి కూడా. ఏ స్థలానికి వెళ్ళేముందైనా దాని సొంత వెబ్‌సైటులో ఈ ఒక్క సంగతి వెతకండి: గైడు వెంట వెళ్ళేవాళ్ళకు మాత్రమే తెరిచే గది, మెట్లు, పై అంతస్తు ఏదైనా ఉందా? ఉంటే, అది మీకు ముఖ్యమైతే, చర్చ అక్కడితో ముగిసింది.

గోడ చదవాల్సిందా?

అవకాశం ఉన్నచోట నేను వేసుకునే మొదటి ప్రశ్న ఇది. కొన్ని ప్రార్థనా స్థలాలు పుస్తకాలు. వాటికి మొదటి పుట ఉంటుంది, చదివే దిశ ఉంటుంది. ఆ దిశ తెలియకపోతే ఎంత అందమైన బొమ్మ అయినా విడి బొమ్మగానే మిగిలిపోతుంది. ఇలాంటి చోట నా ఓటు ఎప్పుడూ మనిషికే.

బోరోబుదూర్‌నే తీసుకోండి. అక్కడ కథలు చెప్పే శిల్ప ఫలకాలు 1,460 ఉన్నాయి. తూర్పు మెట్ల దగ్గర మొదలుపెట్టి ప్రదక్షిణంగా, అంటే స్తూపం మన కుడిచేతి వైపు ఉండేలా నడవాలి. మొదటి వసారాలో లోపలి గోడ పై వరుసలో బుద్ధుడి జీవితం 120 ఫలకాల్లో ఉంది. అలా నడుస్తూ ఆ గోడ వైపు తిరిగి నిలబడితే కథ కుడి నుంచి ఎడమకు సాగుతుంది. మన కళ్ళేమో పుట్టినప్పటి నుంచి ఎడమ నుంచి కుడికి చదవడానికి అలవాటుపడ్డాయి. నేను మొదటి నాలుగు ఫలకాలు అలాగే తిరగేసి చూశాను. గైడు నా భుజం తాకకుండా, గాలిలో చెయ్యి అడ్డంగా కదిపి, "ఇటు నుంచి అటు" అని చూపించాడు. ఆ ఒక్క సైగతో మిగిలిన గోడంతా నాకు చదవడం వచ్చింది.

అంగ్‌కోర్ వాట్‌లో దీనికి వ్యతిరేకం. 12వ శతాబ్దం తొలి సగంలో రెండవ సూర్యవర్మ కట్టించిన ఆ గుడి పడమటి ముఖంగా ఉంటుంది. దాని వసారాల్లోని శిల్పాలు అప్రదక్షిణంగా, ఎడమచేతి వైపు గుడిని ఉంచుకుని నడుస్తూ చూడాలి. బోరోబుదూర్ అలవాటుతో అక్కడికి వెళ్ళేవాళ్ళు కథను వెనక నుంచి చూస్తారు.

అజంతా ఇంకా కష్టం. మొదటి గుహలో ఎడమ గోడ మీద మహాజనక జాతకం, అంటే బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటి, ఉంది. రాజ్యం వదిలి సన్యసించిన రాకుమారుడి కథ. గళ్ళు లేవు, గీతలు లేవు. ఒక మండపం స్తంభమో, ఒక ద్వారమో ఒక దృశ్యాన్ని ఇంకో దృశ్యం నుంచి విడదీస్తుంది. పైగా అజంతా చిత్రకారులు చాలాచోట్ల ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస కంటే, ఏ చోట జరిగింది అన్న దాన్నిబట్టి సంఘటనలను కూర్చారు. రాజభవనంలో జరిగినవన్నీ ఒక దగ్గర, ఊరి బయట జరిగినవన్నీ ఇంకో దగ్గర. ఒకే రాకుమారుడు రెండు జానల దూరంలో మళ్ళీ కనిపిస్తాడు. గుహలో వెలుతురు తక్కువ. ఆడియోలో "పై భాగంలో ఎడమవైపున" అని వినిపిస్తే, ఎవరి ఎడమ? ఏ పై భాగం? రంగు రాలిపోయిన మేర కూడా లెక్కలోకి తీసుకోవాలా? ఆ చీకట్లో వేలు పెట్టి చూపే మనిషి కావాలి. గోడను తాకకుండా, సరిగ్గా ఆ కిరీటం అంచు దాకా గీత గీసినట్టు చూపే మనిషి.

ఫ్రాన్స్‌లోని షార్ట్ర్ కథీడ్రల్ కిటికీలు కూడా ఈ కోవలోవే. రంగు అద్దాల కథలను సాధారణంగా కింది నుంచి పైకి చదవాలి. దారిలో గాయపడినవాణ్ణి ఆదుకున్న మనిషి గురించి ఏసు చెప్పిన కథ ఉన్న దయగల సమరయుడి కిటికీలో అడుగున ఆ అద్దాలకు దానమిచ్చిన చెప్పులు కుట్టేవాళ్ళు పనిచేస్తూ కనిపిస్తారు. ఆ పైన దారిదోపిడీకి గురైన బాటసారి కథ, ఇంకా పైన ఆదాము అవ్వల కథ. ఈ రెండు కథలను ఒకే కిటికీలో ఎందుకు పెట్టారన్నదే అసలు సంగతి. స్వర్గం నుంచి దిగజారిన మనిషినే దారిలో గాయపడి పడి ఉన్న బాటసారిగా మధ్యయుగపు క్రైస్తవ పండితులు వ్యాఖ్యానించారు. ఆ చర్చిలో మాల్కం మిల్లర్ అనే ఆంగ్లేయుడు 1958 నుంచి దశాబ్దాల పాటు గైడుగా పనిచేశాడు. 170కి పైగా ఉన్న కిటికీల్లో ప్రతిసారీ కొన్నింటినే ఎంచుకుని చదివి చెప్పేవాడు. మంచి గైడు లక్షణం అదే. అన్నీ చూపించాలనుకోడు.

వెలుగు కోసం వెళ్ళే చోట

కొన్ని స్థలాలు అలా కాదు. అక్కడ కథ కంటే ఆవరణ గొప్పది. బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియాలో నేను గైడును పెట్టుకోను. 1882లో మొదలైన ఆ చర్చి పనిని మరుసటి ఏడాది ఆంటొనీ గౌదీ చేపట్టాడు. 1926లో ఆయన చనిపోయాక కూడా పని సాగుతూనే ఉంది. తూర్పు వైపు అద్దాలు నీలాలు, ఆకుపచ్చలు. పడమటి వైపువి ఎరుపులు, నారింజలు. ఉదయం వెళితే ఒక చర్చి, సాయంత్రం వెళితే ఇంకో చర్చి. మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ ఆ అద్దాల్లోంచి లోపలికి దిగి, చెట్ల కొమ్మల్లా చీలిన స్తంభాల మీద పాకుతూ పోతుంటే, అది ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి చేరడానికి పట్టే సమయమంతా అక్కడే కూర్చోవాలనిపిస్తుంది. గైడుతో వచ్చిన గుంపు అలా కూర్చోలేదు. వాళ్ళ వెనుక ఇంకో గుంపు ఉంటుంది.

ఇక్కడ ఆడియో చాలు. ఒక ముక్క విని, ఆపి, పావుగంట మౌనంగా చూసి, మళ్ళీ ఇంకో ముక్క వినవచ్చు. మనిషి మాటకు ఆ మీట ఉండదు. మధ్యలో "కాస్త ఆగండి" అనడం మర్యాద కాదని మనమే ఊరుకుంటాం.

స్థలపురాణమా, శాసనమా?

గైడుల గురించి అందరూ చేసే ఫిర్యాదు, వాళ్ళు కట్టుకథలు చెబుతారని. నిజమే, చెబుతారు. తంజావూరు బృహదీశ్వరాలయ విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, నీడ నేల మీద పడదని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. నీడ పడుతుంది. సాయంత్రం దాకా ఆగితే మీ కళ్ళతోనే చూడవచ్చు. కోణార్క శిఖరంలో పెద్ద అయస్కాంతం ఉండేదని, దాని వల్ల సముద్రంలో ఓడల దిక్సూచులు దారి తప్పేవని ఇంకో కథ.

నాకు బాధ కలిగించేది కథ చెప్పడం కాదు. కథలు కూడా ఆ స్థలంలో భాగమే. స్థలపురాణం లేని గుడి ఎక్కడుంది? ఆ కథకు చోటివ్వడానికి అసలు అద్భుతాన్ని పక్కకు నెట్టేస్తారే, అదీ బాధ. తంజావూరు గుడి గోడల్నే చూడండి. 1010 నాటికి పూర్తయిన ఆ గుడికి తాను, తన అక్క, తన రాణులు, ఇంకా ఇతరులు ఇచ్చిన దానాలన్నీ విమానపు రాతి మీద చెక్కమని రాజరాజ చోళుడు ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గుడి శాసనాల్లో దాదాపు 400 మంది ఆలయ నర్తకీమణుల పేర్లు ఉన్నాయి. పేర్లు మాత్రమే కాదు, ఒక్కొక్కరికి ఏ వరుసలో ఎన్నో ఇల్లు ఇచ్చారో కూడా ఉంది. వెయ్యేళ్ళ క్రితం ఫలానా వీధి దక్షిణపు వరుసలో ఫలానా ఇంట్లో ఉన్న ఒక స్త్రీ పేరు రాతి మీద మిగిలింది! పిల్లలకు చరిత్ర పాఠం చెప్పేటప్పుడు రాజుల పేర్లు తప్ప మామూలు మనుషుల పేర్లు చెప్పలేక ఎన్ని ఏళ్ళు మథనపడ్డానో నాకు తెలుసు. ఆ గోడ ముందు నిలబెట్టి నీడ గురించి మాట్లాడితే కోపం రాదా?

అందుకే గైడుతో మాట్లాడేటప్పుడు నేను ఒకే ప్రశ్న అడుగుతాను: "ఇది స్థలపురాణమా, శాసనంలో ఉందా?" మంచి గైడు తడుముకోడు. "ఇది జనం చెప్పుకునేది, ఇది రాతి మీద ఉన్నది" అని విడదీసి చెబుతాడు. చర్చిలోనైనా, మసీదులోనైనా ఇదే ప్రశ్న పనిచేస్తుంది. "ఇది భక్తుల నమ్మకమా, రాతపూర్వక ఆధారం ఉందా?" అని మర్యాదగా, తప్పు పట్టే గొంతు లేకుండా అడగాలి. ఆ ప్రశ్నకు విసుక్కున్న గైడుతో నేను ముందుకు వెళ్ళను.

ఆ స్థలం నిర్వాహకులే తయారు చేయించిన ఆడియోల్లో ఈ బెడద తక్కువ. రాసినదాన్ని ఎవరో ఒకరు సరిచూసి ఉంటారు. దాని జబ్బు వేరే. అది పాతబడుతుంది. ఇస్తాంబుల్‌లోని అయా సోఫియా 537లో చర్చిగా మొదలై, 1453లో మసీదై, 1935లో మ్యూజియంగా తెరుచుకుని, 2020లో మళ్ళీ మసీదయింది. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులను వేరే ద్వారం గుండా పై వసారాకు పంపుతున్నారు. కింది భాగం ప్రార్థనకు. మ్యూజియం రోజుల్లో తయారైన ఆడియోను ఫోనులో వేసుకుని వెళితే, "ఇప్పుడు గుమ్మటం కింద నడుమకు రండి" అంటుంది. మీరు పైన ఉంటారు. ప్యారిస్‌లోని నోత్ర్ దామ్ కూడా అంతే. 2019 ఏప్రిల్ 15 అగ్నిప్రమాదంలో శిఖరం కూలిపోయి, 2024 డిసెంబరులో చర్చి మళ్ళీ తెరుచుకుంది. ఆ ప్రమాదానికి ముందు చేసిన ఆడియో చెప్పేది వేరే లోపలి భాగం. అందుకే దింపుకునే ముందు ఆ ఆడియో ఎప్పుడు తయారైందో, చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. తేదీ లేకపోతే వదిలేయండి.

గైడును కుదుర్చుకునే ముందు

గుర్తింపు కార్డు చూపించమని అడగడానికి మొహమాటపడకండి. లైసెన్సు ఉన్నవాళ్ళు దాన్ని మెడలోనే వేసుకుంటారు, సంతోషంగా చూపిస్తారు. ఎంతసేపు, ఎంతమంది, ఏ భాష, ఎంత రుసుము, ఇవి నడక మొదలయ్యాక కాదు, ముందే తేల్చుకోవాలి. మధ్యలో దుకాణాల దగ్గర ఆపుతారా అని కూడా అడగండి. ఒకసారి నేను అడగలేదు. ఎక్కడన్నది చెప్పను. రెండు గంటల నడకలో ముప్పావు గంట ఒక బొమ్మల కొట్టులో గడిచింది. గర్భగుడి చుట్టూ ఉన్న శిల్పాలు చూసే సమయానికి తలుపులు మూసే గంట కొట్టారు. మా వదినగారు ఆ శిల్పాల కోసమే అంత దూరం వచ్చారు. ఆవిడ ఏమీ అనలేదు, అదే నాకు ఇంకా కష్టంగా తోచింది.

తరువాత నేను అడిగే ప్రశ్న: "గంటే సమయం ఉంటే ఏం వదిలేస్తారు?" ఏం చూపిస్తారు అని అడిగితే అందరూ పెద్ద జాబితా చదువుతారు. ఏం వదిలేస్తారు అని అడిగితేనే వాళ్ళకు ఆ స్థలం ఎంత తెలుసో బయటపడుతుంది. తెలిసినవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించి, "పై అంతస్తు వదిలేద్దాం, కానీ ఉత్తరపు గోడ వదలకూడదు" అంటారు. ఆ క్షణం ఆలోచనే నాకు కావాల్సింది.

పెద్ద బృందాల్లో గైడు చిన్న మైకులో మాట్లాడితే, మన చెవిలో చిన్న రేడియోలో వినిపించే ఏర్పాటు ఇప్పుడు చాలా చర్చిల్లో ఉంది. వినికిడి తక్కువైనవాళ్ళకు ఇది నిజంగా వరం. గైడు వెనక్కి తిరిగి మాట్లాడినా, స్తంభం అవతల ఉన్నా మాట తెలుస్తుంది. బృందం పది మంది దాటితే ఈ ఏర్పాటు ఉందో లేదో బుక్ చేసేటప్పుడే కనుక్కోండి. లేకపోతే చిన్న బృందం కోసం ఇంకో రోజు ఆగడం మేలు.

పిల్లలు వెంట ఉంటే ఆలోచించాల్సిన పని లేదు, మనిషినే పెట్టుకోండి. కోణార్కలో రథచక్రం ఇరుసు దగ్గర వేలు నిలబెట్టి, ఆకుల మీద పడిన నీడను బట్టి ఇప్పుడు టైమెంతో చెప్పమంటారు గైడులు. పిల్లలు ఆ ఆటను జన్మలో మరిచిపోరు. 24 చక్రాలున్నాయని ఏ ఆడియో చెప్పినా వాళ్ళకు గుర్తుండదు.

ఆడియో తీసుకుంటే

ఇది మ్యూజియంల నుంచి వచ్చిన అలవాటు. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో మొదటి ఆడియో గైడు పనిచేసింది రేడియో ప్రసారం మీద. అందరికీ ఒకే సమయంలో ఒకే మాట వినిపించేది, గుంపంతా ఒకేసారి ఒకే బొమ్మ ముందుకు కదలాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరి మీట వాళ్ళ చేతిలో ఉంది. కానీ చాలామంది ఆ పాత పద్ధతిలోనే వింటున్నారు. ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు అంటూ వరుసగా, ఆపకుండా, చివరిదాకా. నేను నలభై ముక్కలున్న ఆడియోలో పన్నెండు కంటే ఎక్కువ వినను. ముందురోజు రాత్రి జాబితా చూసి ఆ పన్నెండింటికి గుర్తు పెట్టుకుంటాను.

రాతి గోడల మధ్య, నేలమాళిగల్లో సిగ్నల్ అందదు. క్యూఆర్ కోడ్ ద్వారం దగ్గర ఉంటుందిలే అనుకోకుండా, గది నుంచి బయలుదేరే ముందే దింపుకోండి. సొంత ఇయర్‌ఫోన్లు, నిండా చార్జింగ్ ఉన్న ఫోను తప్పనిసరి. ఇయర్‌ఫోన్లు లేక ఫోనులోంచి బయటికే వినిపిస్తూ నడిచేవాళ్ళను చూశాను. పక్కన ఒకరు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటారు. ఆ దృశ్యం చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

ఒక చెవిలోనే పెట్టుకోండి. రెండో చెవికి గంట వినపడాలి, బాంగు వినపడాలి, "కాస్త తప్పుకోండి" అన్న మాట వినపడాలి. నాలాగా ఒక చెవే పనిచేసేవాళ్ళు శబ్దం బాగా తగ్గించి, లోపలికి అడుగుపెట్టే ముందు బయట మెట్ల మీద కూర్చుని ఒకసారి విని, లోపల ఉత్త కళ్ళతో చూడటం మంచిది. నేను ఎక్కువగా అదే చేస్తున్నాను. వినికిడి పరికరం వాడేవాళ్ళు, ఆడియోను నేరుగా ఆ పరికరంలోకి పంపే, మెడలో వేసుకునే లూప్ ఉందా అని, ఆడియో మాటల ప్రతి కాగితం మీద దొరుకుతుందా అని కౌంటర్‌లో అడగండి. అడిగితే తీసి ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి, అడగకపోతే ఎవరూ చెప్పరు.

భాష సంగతి ఒక మాట. మాతృభాషలో ఆడియో దొరకనప్పుడు, మీకు వచ్చిన రెండో భాషలో గైడు కంటే ఆడియోనే నయం. అర్థంకాని పదాన్ని వెనక్కి తిప్పి నాలుగుసార్లు వినవచ్చు. గైడును నాలుగోసారి అడగడానికి మనసొప్పదు.

ప్రార్థన మొదలైతే

గైడు ఆగాలి, ఆడియో ఆగాలి. ఇందులో ఎంచుకోవడానికేమీ లేదు. అది వాళ్ళ ఇల్లు, మనం చూడవచ్చినవాళ్ళం. ఇయర్‌ఫోన్ ఆపడం చాలదు, తీసేయాలి. చెవిలో ఉంటే ఇంకా వింటున్నారనే ఎదుటివాళ్ళు అనుకుంటారు. ప్రార్థనా సమయాలు ముందే కనుక్కుని, దానికి అరగంట ముందు ముగిసేలా గైడుతో మాట్లాడుకోండి. ప్రార్థన చూడటానికి బయటివాళ్ళను ఉండనిచ్చే చోట వెనక వరుసలో కూర్చుని చూడండి. ఆ రాళ్ళన్నీ ఎందుకు పేర్చారో అప్పుడు కనిపిస్తుంది. ఉండనివ్వని చోట బయటికి వచ్చేయండి.

రెండూ కావాలనుకుంటే

సమయం ఉంటే ఇద్దరి సాయమూ తీసుకుంటాను, కానీ ఒకేసారి కాదు. మొదట ఎవరి సాయమూ లేకుండా ఒక చుట్టు తిరిగి, అర్థంకానివి చిన్న పుస్తకంలో రాసుకుంటాను. "ఈ గోడ మీద ఆడమనిషి కాలి కింద ఏముంది?", "ఈ కిటికీ మాత్రం ఎందుకు కొత్తగా ఉంది?" ఇలాంటివి. రెండో చుట్టు గైడుతో. నా ప్రశ్నలు నా దగ్గర ఉంటాయి కాబట్టి ఆయన ఒప్పజెప్పే పాఠం మధ్యలోనే ఆగి సంభాషణ అవుతుంది. చాలామంది గైడులు దీనికి సంతోషిస్తారు. రోజూ ఒకే పాఠం చెప్పేవాళ్ళ ముఖంలో కొత్త ప్రశ్న తెచ్చే వెలుగు నాకు బాగా తెలుసు. మూడో చుట్టు మరుసటి రోజు ఉదయం, ఆడియోతో, ముందురోజు ఆగలేకపోయిన రెండు మూడు చోట్ల మాత్రమే.

ఒక్క పూటే ఉంటే? చదవాల్సిన గోడ అయితే గైడు. కూర్చోవాల్సిన ఆవరణ అయితే ఆడియో. ఏదైనా సరే, చివరి పావుగంట ఎవరికీ ఇవ్వకండి. గైడుతో మాట్లాడుకునేటప్పుడే, "ద్వారం దగ్గర వదలవద్దు, లోపలే వదలండి" అని చెప్పండి. చాలాచోట్ల ఒకసారి బయటికి వస్తే అదే టికెట్ మీద మళ్ళీ లోపలికి పంపరు. అంగ్‌కోర్ వాట్‌కు రెండోసారి వెళ్ళినప్పుడు మా తోడికోడలూ నేనూ అలాగే గైడును లోపలే పంపించేశాం. తను దేవతల వైపు నుంచి, నేను అసురుల వైపు నుంచి మొదలుపెట్టి, నడుమ విష్ణువు దగ్గర కలుసుకున్నాం.